టవాలు చెంగున గ్లాసు

మా నాయన టవాలు చెంగుకు ఎప్పుడూ ఒక సిల్వరు గ్లాసు కట్టి వుండేది.

మాది పెనుకొండ పక్కన పల్లె. రోడ్డు మీద క్రాసులో ఒక టీ అంగడి. 1970ల నాటి మాట. మావాళ్ల గ్లాసులు చూరులో దోపి వుండేవి. తీసుకోవాల, తాగాల, మనమే కడిగి మళ్లా ఆడనే దోపాల. అంటరానితనం నేరమని 1955లోనే చట్టమొచ్చింది. ఆ చట్టం ఎక్కిన బస్సు మా క్రాసులో నిలబడలేదు.

నాయన ఒక ఉపాయం చేసినాడు. ఇంటి గ్లాసే తీసుకుపోయినాడు. "వాళ్ల గ్లాసు నేను ముట్టేదేంది?" అనేవాడు. ఎంత గర్వపడినానో! అంగడాయన్నే మా నాయన అంటరానివాణ్ణి చేసినాడనుకున్నా. ఏడాది తిరిగేసరికి మా మాదిగగేరిలో సగం మంది చెంగులకు గ్లాసులు.

అంగడాయన ఏమీ అనలేదు. ఎందుకంటాడు? చూరులో గ్లాసులు పెట్టే ఖర్చు కూడా తప్పిపాయె. అవి చూరులో వున్నన్నాళ్లు, దారిన పోయేవాడెవడైనా ఇవి ఎవరివని అడగడానికి వీలుండేది. ఇప్పుడు చూరు ఖాళీ. వాని నేరానికి సాక్ష్యాన్ని మేమే చెంగున కట్టుకుని తిరిగినాం. ఈ సంగతి నాకు తెలిసొచ్చేసరికి నాయన లేడు.

ఇప్పుడు కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెడతారు. నీ సమస్యను కొత్తగా చూడు, సృజనాత్మకంగా పరిష్కరించుకో అంటారు. మన పిల్లోళ్లు బుద్ధిగా రాసుకుంటారు. సృజన మాకెవరు నేర్పాల? బిందెడు నీళ్లకు, గ్లాసుడు టీకి, ఒక బాడుగ గదికి మేము పెట్టిన మెదడు ఇంకెవరు పెట్టింటారు? కానీ ఒకటి అడగాల. ఆ సమస్య ఎవరిది? రోగం అంగడాయనది, మందు వెతికే పని మా నాయనది. అట్లని నాయన్ని తప్పు పట్టలేను. తగువు పడితే మరుసటి రోజు కూలికి ఎవరూ పిలవరు. ఇంట్లో నలుగురు పిల్లోళ్లం.

నా సంగతి వేరు. నాకు నెల జీతముంది. అయినా ఏం చేసినాను?

1991, చుండూరు జరిగిన ఏడాది, ధర్మవరంలో ఉద్యోగం. మీటింగులకు పోయి గొంతు పోయేటట్టు నినాదాలిచ్చేవాణ్ణి. రాత్రి గదికొచ్చి గొంతు తగ్గించేవాణ్ణి. ఇల్లు అడిగినప్పుడు ఊరు చెప్పినా, ఉద్యోగం చెప్పినా, మూడోది చెప్పలేదు. వీధిలోకి కనపడేటట్టు గోడకు దేవుడి పటం తగిలించినా. ఇది నా ఉపాయం.

అమ్మ చూడొచ్చింది. అప్పుడామె హిందూపురం మార్కెట్లో చింతపండు గింజ తీసే కూలికి పోతావుండేది. "మా, ఇంటోళ్లతో ఎక్కువ మాట్లాడొద్దు" అన్నా. ఎందుకని అడగలేదు. ఇంటామె వచ్చి "మీరేమోళ్లమ్మా?" అంటే, అమ్మ చెవి చూపించి నవ్వింది. మూడు దినాలు చెవిటిదాని మాదిరి వున్నింది. మార్కెట్లో ఈ మూల నుంచి ఆ మూలకు మాట వినే మనిషి!

స్టేషన్లో బెంగళూరు ప్యాసింజరు ఎక్కేటప్పుడు, "నీ ఇంట్లో చెవుడొచ్చె గానీ, హిందూపురంలో దిగితే పోతుందిలేరా" అంది. నవ్వుతానే అంది. బండి పోయినాక ప్లాట్‌ఫారం మీద చానాసేపు కూర్చున్నా.

జాషువా 1941లో 'గబ్బిలం' రాసినాడు. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికుంది కాబట్టి దాంతోనే శివుడికి కబురంపించినాడు. అదీ ఉపాయమే. కానీ అది మూసిన తలుపును లోకానికి చూపించింది. నాది తలుపు లేనట్టు నటించింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో పోయి చవుదార్ చెరువు నీళ్లు తాగినాడు. వేరే బావి తవ్వుకోవడం తెలియక కాదు. అప్పట్నుంచి ఏ ఉపాయాన్నైనా నేను ఒకటే అడుగుతా: నా వెనక వచ్చేవాడికి మళ్లీ ఇదే ఉపాయం కావాలా, వద్దా?

ఇంటాయనకు చెప్పేసినా. ఆయన తిట్టలేదు. మర్యాదగా, కూతురి పెండ్లికి గది కావాలన్నాడు. కొళాయి మాత్రం ఆ పొద్దు నుంచే మాకు రాలేదు.

తర్వాత గడప తొక్కకముందే కులం చెప్పడం మొదలుపెట్టినా. ఏడిండ్లు తిరిగినా. ఒకచోట గది అప్పుడే ఇచ్చేసినామన్నారు, బోర్డు ఇంకా వేలాడతానే వుంది. ఎనిమిదో ఇంట్లో మగ్గం గుంతలో కూర్చుని పట్టు చీర నేస్తావున్న ముసలామె తలెత్తకుండానే, "బాడుగ ఏ తేదీకిస్తావు నాయనా?" అంది. ఆమె పెద్ద మనసుతో ఇచ్చిందా, బాడుగ అవసరానికిచ్చిందా? నేనడగలేదు.

అమ్మ మళ్లా వచ్చింది. ఆ రాత్రి ఆమె, ఇంటామె మగ్గం కాడ కూర్చుని చింతపండు రేట్లు, పట్టు రేట్లు, కోడళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. పొద్దున్నే డ్యూటీ వుంది, పడుకో మా అని రెండుసార్లు కేకేసినా. వినలేదు.