నందాదీపంలో నూనె ఎవరు పోస్తున్నారు?



ఈ వారం వీడియోలో గంభీరావుపేట సీతారామస్వామి గుడిలోని నందాదీపం చూశారు కదా. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎగువ మానేరు డ్యామ్ ఉన్న మండలం అది. కాకతీయుల కాలంలో వెలిగించిన దీపమని, దాదాపు 700 ఏళ్లుగా కొండెక్కలేదని ఊరివాళ్లు చెప్తారు. ఆ దీపాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకొచ్చే ఒక ప్రశ్న గురించి ఈ పోస్టు.

మనలో చాలామంది ఇప్పుడు ప్రార్థన చేసే పద్ధతి మారింది. "స్వామీ, ఉద్యోగం ఇప్పించు" అని అడగడం లేదు. "నాకు ఉద్యోగం వచ్చేసింది, థాంక్యూ" అంటున్నాం. అఫర్మేషన్ అని, మానిఫెస్టేషన్ అని, 369 మెథడ్ అని నోట్‌బుక్కులు నింపుతున్నాం. ఇది 19వ శతాబ్దపు అమెరికాలో 'న్యూ థాట్' అనే ఉద్యమంతో బాగా వ్యాపించిన పద్ధతి. ఇంతకీ రానిదాన్ని వచ్చిందని చెప్పుకోవడం నమ్మకమా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమా?

ఇది మనది కాదని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే మన ఇళ్లలో ఇలాంటి మాట ఎప్పటినుంచో ఉంది. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. గడప దాటేటప్పుడు "పోతున్న" అంటే అమ్మమ్మ ఊరుకోదు, "పోయొస్త" అనాలి. బియ్యం అయిపోతే "ఒడిసినయి" అనొద్దు, "నిండుకున్నయి" అనాలి. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోటి నుంచి మంచి మాటే రావాలని పెద్దల పట్టుదల.

కానీ ఒక్కటి గమనించండి. "బియ్యం నిండుకున్నయి" అనే మాట వినగానే ఇంట్లో ఏం జరుగుతుంది? ఎవరో ఒకరు సంచి పట్టుకుని దుకాణానికి బయల్దేరతారు. డబ్బా నిజంగానే నిండి ఉందని నమ్మి ఎవరూ కూర్చోరు. మాట శుభంగానే ఉంటుంది, అవసరం మాత్రం దాక్కోదు. అందరికీ అర్థమవుతుంది, కాళ్లు కదులుతాయి. మన అఫర్మేషన్‌కీ, రీల్స్‌లో చూసేదానికీ తేడా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

నందాదీపం అంటే ఎప్పటికీ ఆరకూడదని సంకల్పించి వెలిగించిన దీపం. ఆ సంకల్పం ఎంత గొప్పదైనా అదొక్కటే ఒత్తిని మండించదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి పోయింది. ఆ తర్వాత బహమనీలు, కుతుబ్ షాహీలు, మొఘలులు, నిజాములు వచ్చారు, పోయారు. ఊరివాళ్లు చెప్పేది నిజమైతే, అన్ని రాత్రులూ ఎవరో ఒకరు లేచి నూనె చూశారు, ఒత్తి సరిచేశారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం సర్వర్ ఇన్ని రోజులు ఆగకుండా నడిచిందని గొప్పగా చెప్పుకుంటాం, నైట్ షిఫ్టులో కూర్చున్నవాళ్ల పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇదీ అలాంటిదే.

గోదావరి ప్రాంతంలోని ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో ఇలాంటి అఖండ దీపాల దాన శాసనాలు చాలా ఉన్నాయి. దీపం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం వెలగాలని దాత కోరిక. అంతకన్నా పెద్ద అఫర్మేషన్ ఏముంటుంది? అయితే దాత ఆ కోరికతో ఆగలేదు. దీపం కోసం గొర్రెలనో ఆవులనో ఇచ్చాడు. వాటిని తీసుకున్న కాపరి, అతని తర్వాత అతని కొడుకులు, మనవలు రోజూ కొలత ప్రకారం గుడికి నెయ్యి పోయాలి. నమ్మకం పక్కనే లెక్క, ఆ లెక్క పక్కనే మనిషి.

పూజలో మనం చెప్పే సంకల్పం కూడా అంతే. సంవత్సరం, మాసం, తిథి, గోత్రం, పేరు అన్నీ చెప్పాక చివర్లో వచ్చే మాట 'కరిష్యే'. "చేస్తాను" అని. "పొందేశాను" అని కాదు. సంస్కృత వ్యాకరణంలో ఇంకో అందమైన సంగతి ఉంది. ఫలం తనకోసమైతే 'కరిష్యే', అది ఆత్మనేపదం. ఫలం ఇంకొకరికైతే 'కరిష్యామి', అది పరస్మైపదం. పాణిని చెప్పిన తేడా ఇది. పరస్మై అంటేనే ఇతరుల కోసం అని. సేవకి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఇదంతా మాటల గురించిన చర్చే కదా అనుకోవద్దు. ఫ్రెండ్ వాళ్ల నాన్న ఐసీయూలో ఉన్నాడనుకోండి. వాడికి యాభై మెసేజ్‌లు వస్తాయి: "పాజిటివ్‌గా ఉండరా, అంతా మంచే జరుగుతుంది." భయమేస్తోందని చెప్పుకోవడానికి కూడా వాడికి చోటుండదు, ఎందుకంటే చెప్తే నెగెటివ్ అంటారు. రేపు జరగరానిది జరిగితే? "నమ్మకం చాల్లేదేమో" అన్న మాట ఎవరూ పైకి అనకపోయినా వాడి గుండెలో ముల్లులా ఉండిపోతుంది. ఫలితాన్ని ముందే ప్రకటించే ప్రార్థనలో ఈ క్రూరత్వం దాగి ఉంది. అదే "ఈ రాత్రి వార్డు బయట నేను కూర్చుంటా, నువ్వెళ్లి పడుకో. అన్నం తెచ్చా" అన్నవాడి మాట, ఏం జరిగినా అబద్ధం కాదు. వాడు మాటిచ్చింది తన చేతిలో ఉన్నదానికే.

మరి అన్నీ మనమే చేసేటప్పుడు దేవుడెందుకు, ప్రార్థనెందుకు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నూనె పోయడం మన చేతిలో ఉంది, గాలి మన చేతిలో లేదు. రోజూ పోసేవాడు అలసిపోతాడు, ఒక రోజు విసుగొస్తుంది, ఇంకో రోజు "ఇదంతా నావల్లే వెలుగుతోంది" అన్న అహం వస్తుంది. ప్రార్థన ఆ రెండింటి నుంచీ కాపాడుతుంది. మన చేతిలో లేనిదాన్ని స్వామికి అప్పజెప్పి, మర్నాడు మళ్లీ నూనె గిన్నె పట్టుకునే బలాన్నిస్తుంది.

కాబట్టి అఫర్మేషన్లు మానేయమని నేను అనను. రాత్రి దీపం ముందు "అమ్మ ఆరోగ్యంగా ఉంది" అని తప్పకుండా చెప్పుకోండి. ఆ వాక్యం కింద ఇంకొకటి కలపండి: "రేపు చెకప్‌కి నేనే తీసుకెళ్తాను." తర్వాత పరస్మైపదంలో ఒకటి, మీ ఇంటివాళ్లు కానివాళ్ల కోసం. మెట్లెక్కలేని పక్కింటి పెద్దాయనకి మందులు తెచ్చివ్వడమైనా చాలు. ఒక నెల చేసి చూడండి.

శుభం. వచ్చే వారం ఇంకో గుడి దగ్గర కలుద్దాం.