రెండంగుళముల కొరత

శ్రీమన్నారాయణుని ద్వాదశ నామములలో కడపటిది దామోదర నామము. పన్నెండు ఊర్ధ్వపుండ్రములు ధరించు శ్రీవైష్ణవులు దీనిని నిత్యము స్మరింతురు. దామమనగా త్రాడు. త్రాటితో కట్టబడిన ఉదరము గలవాడు గనుక దామోదరుడు. సర్వలోకశరణ్యునికి ఈ నామము ఒక తల్లి అలసటవలన లభించినది.

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఈ కథ కలదు. ఒకనాడు దాసీజనము వేరు పనులలో నుండగా యశోద తానే పెరుగు చిలుకుచుండెను. బాలకృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొనెను. ఆమె ఒడిలోనికి తీసికొని పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డను దించి అటు పరుగెత్తినది. కడుపు నిండని పిల్లవాడు అలిగి కుండ పగులగొట్టి, వెన్న దొంగిలించి కోతికి పెట్టెను. తల్లి బెత్తము పట్టి తరిమినది. కాటుక కన్నులు నులుముకొని ఏడ్చుచున్న వానిని చూచి బెత్తము పారవైచినది. రోటికి కట్టబోగా త్రాడు రెండంగుళములు తక్కువైనది. ఎన్ని త్రాళ్లు ముడివేసినను ఆ రెండంగుళములే కొరత. చూచుచున్న గోపికలు నవ్విరి. చెమట పట్టి, కొప్పు వీడి, పూలు జారి అలసిన తల్లిని చూచి స్వామి తానే కట్టుబడెను.

తొలిచూలు బిడ్డను పెంచు ప్రతి తల్లికిని ఈ రెండంగుళముల కొరత తెలియును. ఒడిలోని బిడ్డయా, పొయ్యిమీది పాలా అని తడబడుట, కోపించి అంతలోనే కరగుట, ఎంత చేసినను చాలలేదని కుములుట ఆమెకు నిత్యానుభవము. యశోదకును అతడు తొలి బిడ్డయే. ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని శ్రమ, రెండవది భగవంతుని కృప యని వ్యాఖ్యాతలు కొందరు చెప్పుదురు. గృహమునందు మొదటి అంగుళము తల్లి శ్రమయైనచో, రెండవదానిని పూరింపవలసిన వారెవరు?

సమాధానము తరువాతి కథలోనే యున్నది. రోలీడ్చుకొనిపోయిన బాలుని వలన జంట మద్దిచెట్లు కూలెను. పిడుగు పడినదేమోయని నందాదులు పరుగున వచ్చిరి. ఎదుట కూలిన మహావృక్షములు. వాని చెంత త్రాటికి కట్టుబడి రోటినీడ్చుచున్న కుమారుడు. బిడ్డను కట్టినదెవరని గర్జించుట అట్టి వేళ ఏ తండ్రికైనను సహజము. నందుడు నవ్వుమోముతో కట్టు విప్పెను. ఊరివారి యెదుట యశోదను నిందించిన మాట ఒక్కటియు భాగవతమున లేదు. ఆమె వేసిన ముడి విప్పుట తన పనియేయని ఆయన ఎరుగును.

అంతకు పూర్వము పూతన వచ్చినపుడును ఇట్లే జరిగినది. నందుడు కంసునికి పన్ను చెల్లించుటకై మథురకు వెళ్లియుండెను. రూపసియై వచ్చిన రాక్షసి బిడ్డను ఎత్తుకొనగా యశోదా రోహిణులిద్దరును చూచుచు నిలిచిపోయిరి. ఆపద తొలగిన పిమ్మట గోపికలు వారిని దెప్పలేదు. గోపుచ్ఛము త్రిప్పి, గోధూళి నలది, విష్ణునామములతో శిశువునకు రక్ష చేసిరి. అటుపిమ్మట తల్లి పాలిచ్చి పరుండబెట్టెనని శుకమహర్షి చెప్పెను. సహాయమునకు వచ్చినవారు బిడ్డను తల్లి ఒడికే చేర్చిరి. బెదరిన తల్లికి ధైర్యము కలుగు మార్గమదియే. నందుడు తిరిగివచ్చి కుమారుని శిరస్సు మూర్కొని పరమానందము పొందెను.

నేడు పెక్కిండ్లలో దాసీజనము లేదు, రోహిణివంటి తోడును లేదు. దూరనగరమున కాపురమున్న ఆలుమగలే బిడ్డకు దిక్కు. రాత్రివేళ ఏడ్చు శిశువును ఎత్తుకొని తిరుగుట, స్నానము చేయించుట, అన్నము తినిపించుట భర్త చేయు ఉపకారములని యెంచరాదు. అవి ఆతని ధర్మములు. పెద్దలు "నీకు చేతగాదు" అని బిడ్డను లాగికొనక, పని చూపించి మరల కోడలి చేతికే ఇయ్యవలెను. పదిమందిలో తప్పులెన్నరాదు. దంపతులకు అభిప్రాయభేదము కలిగినచో బిడ్డ నిద్రించిన పిదప మాటలాడుకొనవలెను. ప్రసవానంతరము తల్లి దిగులు రెండు వారములు దాటినను వీడకున్న, దానిని ఆమె లోపముగా నెంచక వైద్యునికి చూపింపవలెను.

కృష్ణుని కల్యాణము కన్నులార చూడలేకపోయిన యశోదయే వకుళమాలికయై జన్మించి, శ్రీనివాసునికి పద్మావతీ పరిణయము జరిపించినదని వేంకటాచల క్షేత్రమున ప్రసిద్ధి. తిరుమలలో శ్రీవారి ఆలయమున పోటు చెంత ఆమె కొలువైయున్నది. ఒకనాడు రెండంగుళముల త్రాటికై అలసిన తల్లి ఆమెయే. పసిబిడ్డను భుజమున వేసికొని కొండకు వచ్చు దంపతులు ఆ తల్లికి నమస్కరించి, ఇంటికి మరలిన పిదప ఆ రెండవ అంగుళమును ఒకరికొకరు పూరింతురుగాక!