మరుగు ఎవరి కంటికి?

“మరుగునపడిన ప్రజల ప్రతిభను వెలికితీశాం” అని విద్యావంతులం చెప్పుకుంటూ ఉంటాం. మరుగు ఎవరి కంటికి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న.

తరగతిలో నేను పురాణమనగానే విద్యార్థులు పద్దెనిమిదీ లెక్కపెడతారు. జాంబపురాణం ఆ లెక్కలో లేదు. తెలంగాణలో డక్కలివారు పటం చూపిస్తూ తరతరాలుగా దాన్ని మాదిగలకు వినిపిస్తూ వచ్చారు; చిందువారు ఆడుతూ వచ్చారు. విన్నవారికి అది ఏనాడూ మరుగున లేదు. అందులో సృష్టికి ముందే పుట్టిన జాంబవుడు మాదిగల మూలపురుషుడు. చిందు ప్రదర్శనలో అతడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. సంఘం వెలిలో ఉంచిన జనం ఆ సంఘాన్నే నిలదీసిన తత్త్వమిది.

సేకరించేవారు లేకపోతే ఇవి నశించవా అని అడగవచ్చు. నిజమే. 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యంపై గ్రంథం వెలువరించిన బిరుదురాజు రామరాజు వంటివారికి మనం ఋణపడి ఉన్నాం. కాని సేకరించి బీరువాలో భద్రపరచడంతో బాధ్యత తీరదు. కళను మెచ్చుకొని, అది వేసిన ప్రశ్నను దాటవేయడం గౌరవం అనిపించుకోదు. పటంలో రంగులు బాగున్నాయనడం తేలిక. జాంబవుడికి జవాబు చెప్పాలి. ఆ జవాబు పాఠ్యగ్రంథంలోనే కాదు, మన నడతలోనూ కనిపించాలి.