పూవు ఎవరిది?

భగవదారాధనమునకు పుష్పము కావలెననుటలో వివాదము లేదు. ఆ పుష్పము ఎవరిది అనునప్పుడే చిక్కు పుట్టుచున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో తెల్లవారుజామున ప్రహరీగోడ మీదుగా చేయి చాచి, పొరుగింటి నందివర్ధనములను, గన్నేరులను కోసికొనిపోవు భక్తులు కలరు. అడిగినచో "దేవునికే గదా!" అందురు. నీరు పోసి పెంచిన ఇల్లాలి పూజ ఆనాడు పూవులు లేకయే సాగును.

గీత తొమ్మిదవ అధ్యాయమున స్వామి కోరినవి ఆకు, పూవు, పండు, నీరు మాత్రమే. నిరుపేదకును అందునట్టివి. అందుబాటులో నున్న తులసీదళమును వదలి పరుల పూవునకు ఆశపడుట ఎందులకు?

సమస్తమును శ్రీమన్నారాయణునికి శేషభూతమే గదా, ఇందు పరుల సొమ్మెక్కడిదని కొందరు వాదింతురు. సొత్తు స్వామిదైనచో, దానిని ఆయన ఎవరి కాపుదలలో నుంచెనో వారిని అడుగుట మరింత అవసరము. అట్లని పెంచినవాని పక్షము నిర్దోషమనరాదు. "నా చెట్టు, నా పూవు" అనుటయు ఆ శేషత్వమునకు విరుద్ధమే.

తిరుమలలో పుష్పకైంకర్యమునకై భగవద్రామానుజులు పంపగా వెళ్లిన అనంతాళ్వారు చరిత్ర ఇచట స్మరింపదగినది. తోటకై చెరువు త్రవ్వుచుండగా గర్భవతియైన ధర్మపత్ని మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తట్ట నందుకొనెను. కైంకర్యము తమదే కావలెనను పట్టుదలతో అనంతాళ్వారు వారించెను. బాలుడు వినకపోగా గునపము విసరెను. అది తగిలినది స్వామి చుబుకమునకే యని తరువాత తెలిసినది. ఆ గునపమును తిరుమల మహాద్వారము వద్ద నేటికిని చూడవచ్చును. అంతటి మహాభక్తుని సేవయందును "నాది" అను మాట చొరబడగలిగినదన్న, సామాన్య గృహస్థుల మాట చెప్పవలెనా?

చలిదేశపు దుంపమొక్కయైన ఐరిస్‌ను కాశ్మీరమున సమాధులపై నాటుదురు. ఇచటి ఎండలకు అది నిలువదు. ఈ సీమకు తగినది నేలసంపెంగ. బజారులో దీనినే లిల్లీ అందురు. మెక్సికో దేశమున పుట్టినదైనను, మట్టపల్లి, వాడపల్లి నరసింహస్వామి దర్శనమునకు పోవు యాత్రికుల చేతిమాలలలో కలిసిపోయినది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ ప్రాంతమున వరిపొలములు విస్తరించినవి. పొలముల ఊట చేరు పెరటిలో దుంప కుళ్లును. గట్టు వేసి, నీరు నిలువని ఎత్తున నాటవలెను.

రెండు మూడేండ్లు కదల్పనిచో దుంపలు ఒకదానినొకటి ఒత్తుకొని, ఆకు పెరుగును గాని వెన్ను రాదు. త్రవ్వి విడదీసి వేరుచోట నాటిననే మరల పూయును. కాపాడుకొనుటకై అట్లే ఉంచుకొన్నవానికి గడ్డియే మిగులును.

విడదీసినపుడు మిగులు దుంపలు పొరుగువారికి చేరుట సహజమే. కాని పెద్దవి ఉంచుకొని గోలీకాయలంత పిల్లదుంపలను ఏరి ఇచ్చుట పలుచోట్ల కనబడును. పిల్లదుంప ఆ యేడు పూయదు. ఇచ్చినవారికి ఆ సంగతి తెలియును. బొటనవ్రేలి లావు దుంపలనే నాలుగు ఇచ్చినచో, ఆ వర్షాకాలముననే గోడకు ఆవలి దేవుని గూటిలోను పూవుండును.