గోరింక ఎవరి కోసం?

పిట్టలను చూస్తూ నిలబడటం పనిలేనివారి పని అని మనలో చాలామంది అభిప్రాయం. నెమలి కనిపిస్తేనో, పాలపిట్ట కనిపిస్తేనో ఒక నిమిషం ఆగుతాం. గోరింక కోసం ఎవరు ఆగుతారు? అది బస్‌స్టాండులో మన కాళ్ళ మధ్యే తిరుగుతుంది. మేసే బర్రెల వెంట నడుస్తూ, వాటి అడుగులకు లేచే మిడతలను ఏరుకుంటుంది. రోజూ కనిపించేదాన్ని చూడటం మానేస్తాం. వ్యర్థ విషయాలకు దూరంగా ఉండటం విశ్వాసి లక్షణమని చెప్పిన ఖుర్‌ఆనే, తలలపై రెక్కలు చాపుతూ ముడుస్తూ ఎగిరే పక్షులను మనుషులు గమనించరా అని ‘ముల్క్’ సూరాలో ప్రశ్నిస్తుంది. కనుక పిట్టను చూడటం వ్యర్థం కాదు. ఏ దృష్టితో చూడాలన్నదే ప్రశ్న.

జగిత్యాల జిల్లా గొల్లపల్లి లాంటి చోట పార్కు అనే మాట నిన్నమొన్నటిది. 2020 నుండి తెలంగాణలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వేశారు. అలాంటి చోట చెట్లు కాస్త ఎదిగితే ముందుగా చేరేవి గోరింకలు, పికిలి పిట్టలు, గువ్వలు, కాకులే. గోరింకను పది నిమిషాలు గమనించండి. కంటి చుట్టూ పసుపు పూత, పసుపు కాళ్ళు. నేల మీద ఉన్నంతసేపూ గోధుమరంగు పిట్టే. ఎగరగానే రెక్కల్లో దాగిన తెల్లని మచ్చ తళుక్కుమంటుంది. ఎక్కువగా జంటగానే కనిపిస్తుంది. మగ్రిబ్ వేళకు మాత్రం వందల గోరింకలు ఒకే చెట్టు మీద చేరి, చీకటి పడేదాకా గోల చేస్తాయి.

దీని దగ్గరి బంధువు ఒకటి మన దగ్గరికి ఏటా అతిథిగా వస్తుంది. ఉర్దూలో గులాబీ మైనా అంటారు. నల్లని తల, గులాబీ రంగు ఒళ్ళు, నెత్తిన చిన్న జుట్టు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లలను లేపి, వానాకాలం చివర్లో మన వైపు బయలుదేరి, చలికాలమంతా ఇక్కడ గడిపి, ఏప్రిల్ నాటికి తిరుగు ప్రయాణం కడుతుంది. గుంపుగా ఎగిరేటప్పుడు వందల పిట్టలు ఒకే మబ్బులా మలుపు తిరుగుతాయి. కానీ జొన్న, సజ్జ వేసిన రైతుకు ఆ మబ్బు కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. కాకతీయ కాలువ నీళ్ళు వచ్చాక ఈ ప్రాంతంలో జొన్న తగ్గి వరి పెరిగింది గానీ, జొన్న ఉన్నచోట ఈ పిట్టకు దొంగ అనే పేరే మిగిలింది.

అదే పిట్టను చైనాలోని సింకియాంగ్‌లో రైతులు ఆహ్వానిస్తారు. అక్కడ అది మిడతల దండును తింటుంది కనుక, గూళ్ళు పెట్టుకోవటానికి రాళ్ళు పేర్చి ఇస్తారు. ఇదే చైనా 1958లో పిచ్చుకలను ధాన్యం దొంగలుగా ప్రకటించి, పళ్ళేలు డప్పులు మోగించి, వాలనివ్వకుండా అలసిపోయేలా చేసి చంపించింది. పిచ్చుకలు పోయాక పురుగులు పెరిగాయి. 1960లో ఆ జాబితా నుండి పిచ్చుకను తీసేశారు. మన గోరింక కథా ఇంతే. 1762లో మిడతలను తింటుందని మారిషస్‌కు తీసుకువెళ్ళారు, మెచ్చుకున్నారు. 1862లో పురుగులను తింటుందని మెల్‌బోర్న్‌లో వదిలారు; ఇప్పుడు ఆస్ట్రేలియాలో దాన్ని పీడగా లెక్కిస్తున్నారు. గోరింక మారలేదు, మన లెక్క మారింది. కాబట్టి ‘పురుగులను తింటుంది, రైతు నేస్తం, అందుకే కాపాడాలి’ అని బడి పుస్తకాలు చెప్పే వాదన మాకు బలహీనంగా తోస్తుంది. ఉపయోగమే కొలమానమైతే, ఉపయోగం లేని రోజున ఆ పిట్టను ఏం చేస్తాం?

ఖుర్‌ఆన్ వేరే కొలమానం ఇస్తుంది. నేలపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని ‘అన్‌ఆమ్’ సూరా 38వ ఆయతు చెబుతుంది. అక్కడ వాడిన అరబీ పదం ‘ఉమమ్’. అది ఉమ్మత్‌కు బహువచనం. మనల్ని మనం గర్వంగా పిలుచుకునే మాటే అది! తన నమాజు ఏమిటో, తన స్తోత్రం ఏమిటో ప్రతి ప్రాణికీ తెలుసునని ‘నూర్’ సూరా అంటుంది. అంటే గోరింక మన పొలానికి కూలీగా పుట్టలేదు, మన కళ్ళకు వినోదంగానూ పుట్టలేదు. దానికి తన బతుకు ఉంది, తన ప్రభువు ఉన్నాడు.

సరే, మరి రైతు సంగతి? చేను ఖాళీ అవుతుంటే సముదాయం కదా అని ఊరుకోవాలా? ఊరుకోనక్కరలేదు. మంచె మీద కూర్చుని కేకలు వేయటం, డబ్బా మోగించటం, మెరిసే రిబ్బన్లు కట్టటం అతని హక్కు. విషం కలిపిన గింజలు చల్లటం మాత్రం వేరు. ఆ గింజకు దొంగెవరో, దారిన పోయే గువ్వ ఏదో తెలియదు. ఇక ఎంత కాపలా కాసినా పోయే గింజలు కొన్ని ఉంటాయి. వాటి గురించే బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఒక హదీసు ఉంది. ముస్లిం ఎవరైనా మొక్క నాటినా, పైరు వేసినా, దాని నుండి మనిషో పక్షో పశువో తింటే అది అతనికి సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. గమనించండి: రైతు ఇవ్వాలని ఇవ్వలేదు, పిట్ట అడిగి తీసుకోలేదు. బహుశా ఆ రైతు అప్పటికి కేకలు వేసి అలసి కూడా ఉంటాడు. అయినా అతని ఖాతాలో జమ అవుతుంది. నష్టాన్ని కాదనకుండానే దానికి వేరే పేరు పెట్టటం ఇది. పిట్టను ప్రేమించమని రైతుకు ఉపన్యాసం ఇచ్చేవారికన్నా ఈ హదీసు రైతు కష్టాన్ని ఎక్కువ గౌరవించిందని మా నమ్మకం.

మెచ్చుకోవటంలో ఇంకో చిక్కు ఉంది. నచ్చిన దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు, చిన్నారి అబూ ఉమైర్ దగ్గర పిచ్చుకలాంటి పిట్ట ఒకటి ఉండేది. అది చనిపోతే దైవప్రవక్త (సఅసం) ఆ పిల్లవాణ్ణి ఆప్యాయంగా పలకరించారు. బాధపెట్టకుండా, తిండీ నీళ్ళూ చూసుకుంటే పక్షిని పెంచుకోవచ్చునని దీన్ని బట్టి ఉలమాలు చెప్పారు. ఆ అనుమతిని కాదనటం లేదు. అయితే మన దేశంలో రామచిలుకను, గోరింకను పట్టి పంజరంలో పెట్టటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా సంతలో అమ్మే చిలుక పిల్ల గూట్లోంచి తీసిందే. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట రెండు పిల్లలను తీసుకుంటే, తల్లి రెక్కలు చాపి తల్లడిల్లింది. బిడ్డలను తీసి దాన్ని క్షోభపెట్టినదెవరని దైవప్రవక్త (సఅసం) అడిగి, తిరిగి ఇచ్చేయమన్నారని అబూదావూద్‌లో ఉంది. ఆ తల్లిని చూసినవారు చాలామంది. ఆమె బాధను చదివినది ఆయన.

గల్ఫ్‌కు వెళ్ళిన మన ప్రాంతం వారికి దుబాయి పార్కుల్లో గోరింకలు కనిపిస్తాయి. అవి అక్కడి పుట్టుక కాదు, పంజరాల్లో వెళ్ళినవే తప్పించుకుని స్థిరపడ్డాయి. ఇక హజ్‌కు వెళ్ళినవారు హరమ్ పావురాలను ఎంత మురిపెంగా గుర్తు చేసుకుంటారో మనకు తెలుసు. అక్కడ వేట నిషిద్ధం. తిరిగి వచ్చాక అదే హాజీగారి మనవడి చేతిలో గులేరు ఉంటే మందలించేవారు ఎందరు?

మే నెలలో జగిత్యాల ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మిద్దె మీద నీళ్ళు పెట్టదలచినవారు లోతు తక్కువ మట్టి మూకుడు తీసుకుని, నీడపట్టున, పిల్లి అందుకోలేని చోట ఉంచాలి. మధ్యలో ఒక రాయి వేస్తే చిన్న పిట్టలు దానిపై నిలబడి తాగుతాయి. నీళ్ళు రోజూ మార్చాలి. మొదటి వారం కాకులే రావచ్చు.