యువజనులు - నవీన కళ - పెద్దల బాధ్యత

వర్తకుని ఇంట పిల్లవాడు లెక్కల పుస్తకము వెనుక పుటలో బొమ్మ వేసిన యెడల పెద్దలు రెండు విధములుగా పలుకుదురు. "దీనివలన అన్నము పుట్టునా?" అని కొందరు కోపింతురు. "బాగుగా వేసినాడు, పోటీకి పంపుదము" అని కొందరు మెచ్చుకొందురు. విచారించి చూచినచో ఉభయులును అడిగినది ఒక్కటే: ఆ బొమ్మ ఏమి తెచ్చిపెట్టును? ఒకరికి ధనము కావలెను, మరియొకరికి బహుమానము కావలెను. బొమ్మ వేయుచున్నపుడు ఆ పిల్లవాని మనస్సులో ఏమి జరిగినదని అడిగినవారు లేరు.

యువజనుల వికాసమునకు కళ గొప్ప సాధనమని నేడు విద్యావేత్తలే గాక వైద్యులును చెప్పుచున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యూరపు విభాగము 3,000కు పైగా పరిశోధనలను సమీక్షించి, ఆరోగ్యమును నిలుపుకొనుటలోను, వ్యాధుల చికిత్సలోను కళలకు స్థానము కలదని ప్రకటించినది. ఇది సంతోషింపదగిన మాటయే. అయినను ఇందొక ధర్మసందేహము కలదు. ఒక మనిషిని తీర్చిదిద్దుటకు కళను పనిముట్టుగా వాడవచ్చునా? వాడినచో ఆ తీర్చిదిద్దు అధికారము ఎవరిది?

ఈ ప్రశ్నను విచారించుటకు బెంగుళూరు నగరము అనువైన చోటు. 1960లో స్థాపింపబడిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు కుమారకృప రోడ్డులో నున్నది. ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు భవనములో 2009 నుండి జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల నడచుచున్నది. కళకును ఛాయాచిత్రములకును ప్రత్యేకించిన మ్యూజియ మొకటి 2023లో కస్తూర్బా రోడ్డున ప్రారంభమైనది. చిక్కపేటలో అంగడి మూసి బయలుదేరిన కుటుంబము వీనిలో దేనికైనను పోయి ఒక పూట గడిపి రావచ్చును.

శ్రవణబెళగొళ కొండపై బాహుబలి విగ్రహము ముందు నిలిచిన బాలునకు ఏమి చూడవలెనో ముందుగనే తెలియును. తాత చెప్పిన కథ వానికి దారి చూపును. నవీన కళ ముందు నిలిచినపుడు ఆ దారి కనబడదు. తుప్పు పట్టిన రేకులు, చినిగిన గోనెపట్టా, గోడమీద కదలు నీడలు - వీనిని చూచి తండ్రి "ఇదేమి కళ?" అని నవ్వును. కొడుకునకును తెలియదు. కాని తండ్రియు కొడుకును సమానముగా తెలియనివారై పక్కపక్కన నిలుచు చోట్లు లోకములో ఎన్ని కలవు? అంగడిలో తండ్రికి తెలియును, కొడుకు నేర్చుకొనును. ఇంట పెద్దలు చెప్పుదురు, పిన్నలు విందురు. ఇక్కడ మాత్రము పెద్దరికము కొంతసేపు పక్కకు తొలగవలసి వచ్చును. పిల్లలు తమకు తోచినది తామే చెప్పవలసి వచ్చును.

నవీన కళ యువజనులకు చేయు మేలు ముఖ్యముగా ఇదియే. ఒకే వస్తువు పలువురకు పలు విధములుగా గోచరించుననియు, ఏ ఒక్కరి మాటయు సంపూర్ణ సత్యము కాదనియు అనేకాంతవాదము బోధించును. ఉపన్యాసములో ఈ మాట విని తల యూపుట సులభము. పదునారేండ్ల కుమార్తె చెప్పిన అర్థము తనకు తోచిన దానికంటె మేలుగా నున్నదని నలుగురి ఎదుట తండ్రి ఒప్పుకొనుట కష్టము. ఆ ఒక్క ఒప్పుకోలు ఆ బాలికకు ఇచ్చు ధైర్యమును ఏ పాఠ్యపుస్తకమును ఇయ్యజాలదు.

నవీన కళ చిత్రశాల గోడలకే పరిమితము కాదు. 2015లో బెంగుళూరు సుల్తాన్‌పాళ్యలో రోడ్డు మధ్య ఒక పెద్ద గుంట పడి నీరు నిలిచియుండెను. మైసూరులో చిత్రకళ నభ్యసించిన బాదల్ నంజుండస్వామి ఆ నీటిలో నిజమైనదా అనిపించు మొసలి బొమ్మను ఉంచెను. దారిన పోవువారు ఆగి చూచిరి, నవ్విరి, పత్రికలు వ్రాసినవి, పిమ్మట అధికారులు ఆ గుంటను పూడ్చిరి. ఆయన ఎవరిని దూషింపలేదు, రాయి విసరలేదు. అందరును రోజూ చూచుచు చూడక పోవుచున్న దానిని చూచునట్లు చేసెను. కోపమును హింసగా మారనీయక పనిగా మార్చు విద్య యువకులకు ఇంతకంటె స్పష్టముగా ఎట్లు బోధపడును?

కళ అహంకారమును పెంచుననియు, బాధ్యతలను మరపించుననియు కొందరి భయము. అది పూర్తిగా నిరాధారము కాదు. పొగడ్తకై వేసిన బొమ్మ మరియొక పరిగ్రహమే. కాని సాధనగా పట్టుకొన్నవారికి కళ వినయమునే నేర్పును. మైసూరు ఆస్థాన చిత్రకారుల వంశమున 1886లో జన్మించిన కె. వెంకటప్ప కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు వద్ద శిక్షణ పొందెను, వీణయు నభ్యసించెను. 1965లో మరణించిన ఆయన పేర కస్తూర్బా రోడ్డులో చిత్రశాల కలదు. ఆయన నీలగిరులను చూచి వేసిన నీటిరంగుల చిత్రముల ముందు కొంతసేపు నిలిచినవారికి, తొందర యనునది అచ్చట చోటు లేని గుణమని తెలియును. అంగడికి తిరిగి వచ్చు పిల్లవానికి చిత్రకారుడు కావలసిన పని లేదు. ఓపికగా చూచుట నేర్చినవాడు సరకును, మనిషిని కూడ బాగుగా చూడగలడు.

ఇక పెద్దల పాత్ర. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లేయుడు. దామెర్ల రామారావు అను బాలునిలోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జె. జె. కళాపాఠశాలలో చేరుటకు ఆయన తోడ్పడెను. రామారావు 1925లో, 28 ఏండ్లు నిండకముందే, కన్నుమూసెను. అయినను ఆ కొద్ది కాలములో ఆయన తెలుగువారి జీవితమునే తన చిత్రములకు వస్తువు చేసికొనెను. కూల్డ్రే ఇచ్చినది ప్రోత్సాహము. శిష్యుని కుంచె శిష్యునిదిగానే మిగిలినది.

వర్తకుడు ధనము పెట్టినచోట వాటా కోరుట న్యాయమే. అది వ్యాపార ధర్మము. కాని అతడే దానము చేసినపుడు లెక్క చూడడు. చిత్రకళా పరిషత్తుకు హెచ్. కె. కేజ్రీవాల్ అను పారిశ్రామికవేత్త తాను సేకరించిన చిత్రములను ఇచ్చెను. వానిని చూచి ఎవరేమి గ్రహింతురో నిర్ణయించు హక్కును ఏ దాతయు తన వద్ద ఉంచుకొనలేడు. బిడ్డకు ఇచ్చు రంగులును, కాగితమును, తీరిక గంటయు ఇట్టి దానముగనే ఉండవలెను. పెట్టుబడిగా ఇచ్చినచో కళ కూడ మరియొక ట్యూషను అగును. బిడ్డ తన కన్నుతో చూచుట మాని పెద్దల మెప్పు కొరకే చూచును. పెద్దలు సాధనములను ఇయ్యవచ్చును, ఇయ్యవలెను. ఫలమునకు హక్కుదారులు మాత్రము కారు. మొదట అడిగిన ధర్మసందేహమునకు సమాధానము ఇదియే.

సాధారణముగా జనవరి మాసమున ఒక ఆదివారము కుమారకృప రోడ్డున చిత్రసంతె జరుగుచున్నది. చిత్రకారులు తమ చిత్రములతో దారి పక్కనే కూర్చుందురు. సంత యన్నంతనే వర్తకుని నోట "వెల యెంత?" అను మాట రాక మానదు. అడుగవచ్చును, తప్పు లేదు. కాని దానికి ముందు పక్కనున్న బిడ్డను "నీకేమి కనబడినది?" అని అడిగి, సమాధానము పూర్తి యగువరకు మాటాడక వినవలెను. లెక్కల పుస్తకము వెనుక పుటలో బొమ్మ కనబడిన నాడును అడుగవలసిన ప్రశ్న అదియే.