తప్పు పట్టడంలోనూ ధర్మం ఉంది

చిరంజీవి అల్లుడికి,

హైపర్ లైట్ బ్రేకర్ గేమ్ మీద గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో నువ్వు పెట్టిన సమీక్ష చదివాను. రెండే వాక్యాలు. ఆట చెత్త అని మొదటిది, చేసినవాళ్ళు దొంగలని రెండోది. మొదటి దాని మీద నీతో వాదించను. రెండో దాని గురించే ఈ ఉత్తరం.

2016లో వచ్చిన హైపర్ లైట్ డ్రిఫ్టర్ అంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. దాన్ని తలపెట్టిన అలెక్స్ ప్రెస్టన్ పుట్టుకతోనే గుండె జబ్బున్న మనిషి. ఆ ఆటలో కథానాయకుడు ఉన్నట్టుండి ఆగి రక్తం కక్కుకోవడం వెనక ఉన్నది ఆ బాధే. 2013లో కిక్‌స్టార్టర్‌లో 27 వేల డాలర్లు అడిగితే జనం 6 లక్షల 40 వేలకు పైగా ఇచ్చారు. డ్రిఫ్టర్‌ని చేసిన హార్ట్ మెషీన్ సంస్థే 2025 జనవరిలో బ్రేకర్‌ని ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే, విడుదల చేసింది. నువ్వు డ్రిఫ్టర్‌ని వెతుక్కుంటూ అందులోకి వెళ్ళావు. తీరా చూస్తే అది వేరే ఆట. త్రీడీలో, ముగ్గురు కలిసి ఆడగలిగేది, లోకం మళ్ళీ మళ్ళీ కొత్తగా అల్లుకునే రోగ్‌లైక్. నీ నిరాశలో కొంత వాటా నువ్వు పెట్టుకున్న ఆశది. అదెంతో ముందు తేల్చుకో.

మిగతా వాటా ఆటదే. నడక తడబడుతోందని, మొదట్లోనే కష్టం మితిమీరిందని, ఏం చేయాలో సరిగా చెప్పడం లేదని తొలిరోజుల్లోనే చాలామంది మొరపెట్టుకున్నారు. ఈ రకం ఆటకు అవి చిన్న లోపాలు కావు. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే విద్యార్థులు ఈ రకానికి పేరిచ్చిన రోగ్ అనే ఆట తయారుచేసినప్పుడు, నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా పుట్టేట్టు చేశారు. చచ్చిపోతే మళ్ళీ మొదటికి రావాల్సిందే. దారి బట్టీపట్టి గెలవడం కుదరదు. ఇంత కఠినమైన ఆటను మనం ఎందుకు భరిస్తాం? చచ్చిన ప్రతిసారీ మన పొరపాటు మనకు తెలుస్తుంది కాబట్టి. ‘అక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటే బతికేవాణ్ణి’ అనిపిస్తే వెంటనే మళ్ళీ మొదలుపెడతాం. ఎందుకు చచ్చామో అంతుబట్టకపోతే మాత్రం తప్పు ఆటది. నువ్వు రాయాల్సింది ఆ తప్పు గురించి.

తప్పు ఎలా రాయాలంటావా? మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో చేరినవాళ్ళకు మేం మొదట నేర్పేది బగ్ రిపోర్టు రాయడం. నువ్వేం చేశావు, ఏం జరగాలి, ఏం జరిగింది. ఈ మూడూ స్పష్టంగా ఉంటే డెవలపర్ ఎంత కోపిష్టి అయినా కూర్చుని సరిచేస్తాడు. ‘మీ కోడ్ చెత్త’ అని రాస్తే గొడవ పెరుగుతుంది, బగ్ అక్కడే ఉంటుంది.

ఎర్లీ యాక్సెస్ అంటే అన్నం ఉడుకుతుండగా మెతుకు పట్టి చూడమని పిలవడం. పలుకుగా ఉందని చెబితే ఇంకాసేపు ఉంచుతారు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి చెందిన మోషన్ ట్విన్ వాళ్ళు డెడ్ సెల్స్‌ని 2017 మేలో అలాగే బయటపెట్టారు. ఆడినవాళ్ళ మాట వింటూ దిద్దుకుని 2018 ఆగస్టులో పూర్తిచేశారు. సూపర్‌జయంట్ వాళ్ళ హేడిస్ కూడా 2018 డిసెంబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా ఆ దారినే నడిచింది. నీకు ప్రాణమైన ఆ రెండు ఆటల్లోనూ ముక్కూమొహం తెలియని ఎందరో ఆటగాళ్ళ ఓపిక ఉంది.

బ్రేకర్‌కి ఆ భాగ్యం దక్కలేదు. కొన్ని మార్పులు చేశారు కానీ నిలబెట్టలేకపోయారు. ఆ ఆట పని ముగిస్తున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించారు, కొందరి ఉద్యోగాలూ పోయాయి. నువ్వు దొంగలన్నది వీళ్ళనే. దొంగ మోసం చేద్దామనే బయల్దేరతాడు. వీళ్ళు మంచి ఆట చేద్దామని బయల్దేరి చేయలేకపోయారు. చేతకాకపోవడాన్ని మోసమనడం అన్యాయం నాన్నా. రేపు నీ పనిలోనూ లోటు ఉంటుంది. అప్పుడు నీ పై అధికారి నీ పనిని విమర్శించాలని కోరుకుంటావు గాని నీ నిజాయితీని శంకించాలని కోరుకోవు కదా.

డబ్బు సంగతి కూడా చెబుతాను. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. నచ్చకపోతే మొహమాటపడకుండా ఆ హక్కు వాడుకో. గడువు దాటితే ఆ డబ్బు పోయిందనుకుని వదిలేయి. పెట్టిన డబ్బు రాబట్టాలని నచ్చని ఆటకు రాత్రుళ్ళు ధారపోయకు.

ఇక మారని ఆటకు సమీక్ష ఎందుకంటావేమో. కొనబోయేవాడికి కావాలి. ఆ ఆట చేసినవాళ్ళు రేపు ఇంకో ఆట చేస్తారు, వాళ్ళకూ కావాలి. అందుకే ఆ రెండో వాక్యం తీసేయి. మొదటి వాక్యం కింద ఎక్కడ, ఎలా నచ్చలేదో వివరంగా రాయి. బాగున్నది ఏదైనా ఉంటే అదీ రాయి. నచ్చలేదన్న మాట మాత్రం ఎవరికోసమూ మార్చకు.

ఇట్లు,
నీ మేలు కోరే
మావయ్య